పోరుమామిళ్ల శాసనము - మా పెరటి బావి

పిల్లలకు పర్యావరణ పాఠం చెప్పవలసి వచ్చినప్పుడల్లా పాఠ్యపుస్తకాన్ని పక్కన బెట్టి పోరుమామిళ్ల చెరువు కథ చెప్పేవాడిని. కడప జిల్లాలోని ఆ చెరువు వద్ద శా.శ. 1291 సౌమ్య సంవత్సరమున, అనగా క్రీ.శ. 1369లో, మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు వేయించిన సంస్కృత శాసనమున్నది. దినమునకు వేయిమంది పనివారు, నూరు బండ్లు, రెండేళ్ల శ్రమ - ఈ లెక్కలన్నీ శిలపైనే ఉన్నవి.

అంతకన్న విలువైనది అందులోని శాస్త్రం. మంచి చెరువుకు పన్నెండు అంగములు, ఆరు దోషములు చెప్పినారు. జలశాస్త్రమెరిగిన విప్రుడు, గట్టి బంకనేల, మూడు యోజనముల దూరమునుండి వచ్చే తీయనీటి నది, కట్ట కట్టుటలో నేర్పరులైన పనివారు - ఇవి అంగములలో కొన్ని. కట్ట ఊటగారడం, చవుటినేల, రెండు రాజ్యముల పొలిమేరన ఉండడం, నడుమ తాబేటివీపు వంటి మిట్ట, నీరు కొద్దిదై పారవలసిన నేల విస్తారమవడం, నేల కొద్దిదై నీరు అధికమవడం - ఇవి దోషములు.

ఉన్న నీటిని మించి ఆశపడరాదని బడిలో బోధించిన నేనే ఇంట్లో ఆ మాట మరచినాను. మా పెరట్లో తాతగారు తవ్వించిన చేదబావి ఉండేది. అమ్మ ప్రతి బిందెకూ రెండు పనులు చెప్పేది. బియ్యం కడిగిన కడుగు కుడితితొట్టిలోకి; బూడిదతో అంట్లు తోమిన నీళ్లు అరటిపాదులోకి. నేను బోరు వేయించి, బావిని ఇటుకముక్కలతో పూడ్పించినాను. మీట నొక్కితే నీరు! బిందె బరువెరుగని చేతికి పొదుపెక్కడిది? కొన్నేళ్లకు బోరెండి, ట్యాంకరు కోసం వీధిలో నిలబడవలసి వచ్చినది.

అప్పుడు లెక్క వేసినాను. కడప ప్రాంతాన ఏటా సుమారు 700 మిల్లీమీటర్ల వాన. మా మిద్దె 100 చదరపు మీటర్లు. అంటే దానిమీద పడేది 70,000 లీటర్లు! అదంతా మురుగుకాలువ పాలు చేసినాను. ఇప్పుడు గొట్టం పెట్టి, గులకరాళ్లు, ఇసుక నింపిన ఇంకుడుగుంతలోకి మళ్లించినాను. వంటింటి నీళ్లు మళ్లీ అరటిపాదుకే పోతున్నవి. బోరు పూర్తిగా కోలుకోలేదు. వేసవిలో నేటికీ మొరాయిస్తున్నది.

తానిచ్చిన దానము కంటె పరులిచ్చినదానిని కాపాడుట రెండింతల పుణ్యమని మన దానశాసనముల చివర తరచుగా కనబడుతుంది. ఏళ్లతరబడి ఆ మాటకు తాత్పర్యం చెప్పినాను. తాతగారి బావి పూడ్చిన తరువాత గాని అర్థం తెలియలేదు. మిత్రులారా, మీ పెరట్లో పాతబావి మిగిలి ఉంటే దయచేసి పూడ్చకండి.