లైసెన్సులో తప్పుంటే అరెస్టా?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌ జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. అంతకుముందు తీసుకున్న డ్రైవింగ్‌ లైసెన్సులు ఉమ్మడి మహబూబ్‌నగర్‌ జిల్లా పేరిట జారీ అయినవే. అటువంటి పాత కార్డుకూ, కంప్యూటర్‌ రికార్డుకూ మధ్య పేరులో ఒక అక్షరమో, పుట్టిన తేదీలో ఒక అంకెో తేడా ఉంటే, 44వ నంబరు జాతీయ రహదారిపై తనిఖీలో అది నకిలీగా కనబడే ప్రమాదముంది.

మోటారు వాహనాల చట్టం 181వ సెక్షన్‌ ప్రకారం లైసెన్సు లేకుండా వాహనం నడిపితే గరిష్ఠంగా మూడు నెలల జైలు, లేదా రూ.5 వేల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఇది బెయిలు ఇవ్వదగిన నేరం. వారంటు లేని అరెస్టుకు 202వ సెక్షన్‌ పెట్టిన హద్దులు స్పష్టం. పోలీసుల ఎదుటే ప్రమాదకరంగా నడపడం, మద్యం మత్తులో నడపడం, పరుల వాహనాన్ని అనుమతి లేకుండా తీసుకుపోవడం, వీటికి తోడు పేరు, చిరునామా చెప్ప నిరాకరించడం. అచ్చుతప్పు ఈ జాబితాలో లేదు. లైసెన్సు లేదని భావిస్తే వాహనాన్ని నిలిపి ఉంచవచ్చు గానీ, మనిషిని లాకప్‌లో ఉంచడం చెల్లదు.

చిక్కంతా ఫోర్జరీ కేసుతోనే. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు అవసరం లేనప్పుడు నాగరిక్‌ సురక్షా సంహిత 35(3) కింద నోటీసు ఇచ్చి విచారించాలి. సుప్రీంకోర్టు 2014లో అర్నేష్‌ కుమార్‌ కేసులో చెప్పిందీ ఇదే. అయితే యావజ్జీవ శిక్షకు వీలున్న న్యాయ సంహిత 338వ సెక్షన్‌ను చేర్చితే ఆ రక్షణ సడలుతుంది. అప్పుడు రవాణా శాఖ రికార్డు ప్రతియే ప్రధాన ఆధారం. వ్యక్తి స్వేచ్ఛకు సంబంధించిన సమాచారాన్ని సమాచార హక్కు చట్టం కింద 48 గంటల్లో ఇవ్వాలన్న నిబంధన చాలామందికి తెలియదు.

అరెస్టయిన వ్యక్తికి కారణం తెలపాలి, బంధువులకు కబురు చేయాలి, ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని నియమిస్తుంది. ఫోను నంబరు 15100.

విడుదలయ్యాక నష్టపరిహారం కోరదలచినవారు గడువును గమనించాలి. అక్రమ నిర్బంధంపై సివిల్‌ దావాకు, నిర్బంధం ముగిసిన నాటి నుంచి ఏడాదే గడువు. ప్రభుత్వంపై దావాకు ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి. మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయడానికీ ఘటన జరిగిన నాటి నుంచి ఏడాదే. హైకోర్టులో 226వ అధికరణ కింద రిట్‌ వేసే మార్గం కూడా ఉంది. భీంసింగ్‌ అనే శాసనసభ్యుని అక్రమ నిర్బంధానికి 1985లో సుప్రీంకోర్టు రూ.50 వేలు ఇప్పించింది. మనకు దగ్గరి ఉదాహరణ కోవెలకుంట్ల సబ్‌జైలుది. 1977లో అక్కడ బాంబు దాడిలో ఒక ఖైదీ మరణించగా, సార్వభౌమాధికారం పేరుతో ప్రభుత్వం తప్పించుకోజాలదని 2000లో సుప్రీంకోర్టు తేల్చి, రూ.1.44 లక్షల పరిహారాన్ని ఖాయం చేసింది.

కేసు కొట్టేసినంత మాత్రాన పరిహారం రాదు. మక్కా మసీదు పేలుడు కేసులో నిర్దోషులుగా బయటపడ్డవారికి ప్రభుత్వం ఇచ్చిన పరిహారాన్ని 2013లో హైకోర్టు రద్దు చేసింది. అరెస్టే చట్టవిరుద్ధమని రుజువు కావాలి. ఆధారం లేకుండా అరెస్టు చేయించిన వ్యక్తి నుంచి మేజిస్ట్రేటు ఇప్పించగల పరిహారం రూ.వెయ్యికి మించదు. కాలం చెల్లిన ఆ మొత్తాన్ని కొత్త సంహితలోనూ పెంచలేదు.

అరెస్టు మెమో, రిమాండు పత్రాల నకళ్లు తీసి ఉంచుకోవాలి. పోలీసు స్టేషన్‌ సీసీ కెమెరా దృశ్యాలను 18 నెలలు, అది సాధ్యం కాకుంటే కనీసం ఏడాది భద్రపరచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. వాటిని చెరపకుండా ఉంచాలని విడుదలైన వారంలోనే ఎస్పీ కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకోవడం మంచిది.