లినక్స్‌కు తగిన ల్యాప్‌టాప్: కంపెనీ పేరు కన్నా లోపలి చిప్ ముఖ్యం

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు అర్హత లేని పాత ల్యాప్‌టాప్‌లు ఉన్నవారికి, లైసెన్సు ఖర్చు తప్పించుకోవాలనుకునే విద్యార్థులకు, ప్రోగ్రామర్లకు లినక్స్ ఒక ప్రత్యామ్నాయం. అయితే ‘లినక్స్‌కు ఏ కంపెనీ ల్యాప్‌టాప్ మంచిది?’ అన్న ప్రశ్నకు కంపెనీ పేరుతో సమాధానం దొరకదు. ఒకే మోడల్ పేరుతో అమ్ముడయ్యే రెండు యంత్రాల్లో వేర్వేరు వైఫై చిప్‌లు ఉండటం మామూలే. వాటిలో ఒకటి వెంటనే పనిచేయవచ్చు, రెండోది మొరాయించవచ్చు.

లీనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన లినక్స్ కెర్నల్‌లోనే అధిక శాతం డ్రైవర్లు కలిసి ఉంటాయి. (తెలుగులో లినక్స్, లైనక్స్ రెండూ రాస్తున్నాం. టోర్వాల్డ్స్ ఉచ్చారణకు మొదటిదే దగ్గర.) ఒక చిప్ విపణిలోకి వచ్చాక దాని డ్రైవర్ కెర్నల్‌లో చేరి, ఆ కెర్నల్ ఉబుంటు, ఫెడోరా వంటి పంపిణీల ద్వారా మన చేతికి అందడానికి సమయం పడుతుంది. 2024 ఏప్రిల్‌లో విడుదలైన ఉబుంటు 24.04 మొదట 6.8 కెర్నల్‌తో వచ్చింది. ఆ తర్వాత పుట్టిన చిప్‌లను ఆ తొలి కూర్పు గుర్తించకపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు. అందుకే ఈ నెల విడుదలైన మోడల్ కంటే ఏడాది పాతబడిన మోడల్ లినక్స్ వాడుకరికి శ్రేయస్కరం. ధర కూడా కలిసివస్తుంది.

వైఫై విషయంలో ఇంటెల్ చిప్‌లు నమ్మదగినవి. రియల్‌టెక్, మీడియాటెక్ చిప్‌ల పరిస్థితి మెరుగైనా, మరీ కొత్త చిప్ అయితే ముందే విచారించాలి. పాత బ్రాడ్‌కామ్ చిప్‌లకు డ్రైవర్‌ను విడిగా వేసుకోవాల్సి రావచ్చు. వైఫై కార్డు మదర్‌బోర్డుకు అతికించి ఉందా, మార్చుకునే వీలుందా అన్నదీ చూడాలి. మార్చగలిగితే చిన్న ఖర్చుతో సమస్య తీరుతుంది.

గ్రాఫిక్స్‌లో ఇంటెల్, ఏఎండీలకు కెర్నల్‌లోనే స్వేచ్ఛా డ్రైవర్లు ఉన్నాయి. ఎన్విడియా కథ వేరు. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో టోర్వాల్డ్స్ ఆ సంస్థను బహిరంగంగా, పరుషంగా విమర్శించారు. 2022 మేలో ఎన్విడియా తన కెర్నల్ మాడ్యూళ్ల సోర్స్ కోడ్‌ను విడుదల చేసింది. ఇప్పుడు ఆ డ్రైవర్ పనిచేస్తుంది. కానీ కెర్నల్ మారినప్పుడల్లా, సెక్యూర్ బూట్ ఉన్నప్పుడల్లా కొంత జాగ్రత్త కోరుతుంది. బ్యాటరీ కూడా త్వరగా తరుగుతుంది. ఆటలకో, మెషిన్ లెర్నింగ్‌కో తప్ప దాని జోలికి పోకపోవడమే మేలు.

కొనుగోలుదారులు ఎక్కువగా మరిచేది కెమెరా. చవక ల్యాప్‌టాప్‌లలోని యూఎస్‌బీ తరహా కెమెరాలు ఇబ్బంది లేకుండా పనిచేస్తాయి. కొన్ని ఖరీదైన పలుచని మోడళ్లలో మాత్రం సెన్సర్‌ను ఇంటెల్ ఇమేజ్ ప్రాసెసర్‌కు నేరుగా కలిపారు. వాటికి లినక్స్ మద్దతు ఆలస్యమైంది. ఎక్కువ డబ్బు పెట్టినవారికే వీడియో కాల్‌లో నల్లని తెర ఎదురుకావడం ఇలాగే. వేలిముద్ర పరికరాల్లోనూ కొన్నింటికే డ్రైవర్లున్నాయి. మూత మూసినప్పుడు నిద్రావస్థకు వెళ్లి, తెరవగానే మేల్కొంటుందా అన్నది మరో పరీక్ష. ఇక స్నాప్‌డ్రాగన్, ఆపిల్ ఎం శ్రేణి ప్రాసెసర్ల యంత్రాల్లో లినక్స్ ఇంకా అసంపూర్ణం. కొత్తవారు ఇంటెల్ లేదా ఏఎండీకి పరిమితం కావడం ఉత్తమం.

‘డాస్’ పేరిట విండోస్ లేకుండా తక్కువ ధరకు అమ్మే యంత్రాలను లినక్స్ కోసం పరీక్షించారని అనుకోరాదు. లైసెన్సు లేదన్నదే దాని అర్థం. ఉబుంటు సంస్థ కానానికల్ తాను పరీక్షించిన మోడళ్ల జాబితాను వెబ్‌సైట్‌లో ఉంచుతుంది. ముందు అందులో వెతకాలి. లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్ వంటి కార్యాలయ శ్రేణులు అందులో విరివిగా కనిపిస్తాయి. సెకండ్ హ్యాండ్‌లోనూ ఇవి విరివిగా దొరుకుతాయి. ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లోనో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో పాత యంత్రం కొనేవారికి ఒక సౌలభ్యం ఉంది: దుకాణంలోనే లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి చూడవచ్చు. ఇన్‌స్టాల్ చేయకుండానే వైఫై, శబ్దం, కెమెరా, నిద్ర, బ్లూటూత్ అన్నీ పది నిమిషాల్లో తేలిపోతాయి. బయోస్‌కు పాత యజమాని పాస్‌వర్డ్ ఉందేమో కూడా అప్పుడే చూడాలి. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు షరతులు చదవాలి. లినక్స్‌లో వైఫై రాకపోవడాన్ని అమ్మకందారు లోపంగా అంగీకరించకపోవచ్చు.

తెలుగు విషయంలో యూనికోడ్ ఖతులు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ప్రధాన పంపిణీలన్నింటిలో లభిస్తాయి. అను ఫాంట్లు, పేజ్‌మేకర్‌తో జీవనోపాధి ఉన్న డీటీపీ నిపుణులు మాత్రం విండోస్‌ను పూర్తిగా తొలగించవద్దు. ఆ సాఫ్ట్‌వేర్‌కు లినక్స్ కూర్పు లేదు.

కొత్త యంత్రంలో రెండు వ్యవస్థలూ ఉంచుకోదలిస్తే ముందు బిట్‌లాకర్ రికవరీ కీని వేరేచోట భద్రపరచుకోవాలి. ఇన్‌స్టాలర్‌కు ఎస్‌ఎస్‌డీ కనిపించకపోతే బయోస్‌లో ఇంటెల్ వీఎండీ లేదా ఆర్‌ఎస్‌టీ అమరిక ఆన్‌లో ఉందేమో చూడాలి. తగిన సన్నాహం లేకుండా దాన్ని మారిస్తే విండోస్ తెరుచుకోకపోవచ్చు. కాబట్టి దస్త్రాల నకలు తీసుకున్న తర్వాతే ఆ పనికి పూనుకోవాలి.