పాక్లిటాక్సెల్: పేరు ఒకటే, మందు ఒకటి కాదు

షాద్‌నగర్: పాలమూరు, నల్లగొండ రైతులకు ఆముదం పంట కొత్త కాదు. క్యాన్సర్ ఇంజెక్షన్‌లోనూ ఆ నూనెతో చేసిన పదార్థం ఉంటుందని మాత్రం చాలామందికి తెలీదు. రొమ్ము, అండాశయం, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు ఇచ్చే పాక్లిటాక్సెల్ నీళ్లలో కరగదు. యూ చెట్టు బెరడు నుంచి దీన్ని వేరుచేసి 1971లో ప్రకటించిన బృందంలో మన దేశంలో పుట్టిన మన్సుఖ్ వాణి ఒకరు. 1992లో అమెరికాలో అనుమతి వచ్చినప్పుడు, ఆముదంతో చేసే క్రెమోఫార్‌లో, ఆల్కహాల్ కలిపి ఇచ్చే రూపంలోనే వచ్చింది. ఆల్కహాల్ విషయంలో అనుమానం ఉంటే ముఫ్తీ సాహెబ్‌ను అడగొచ్చు. కీమో తేదీ మాత్రం దాటనివ్వొద్దు.

అసలు ఇబ్బంది క్రెమోఫార్‌తోనే. కొందరికి దద్దుర్లు, ఆయాసం వస్తాయి, బీపీ పడిపోతుంది. అందుకే ముందుగా స్టెరాయిడ్, అలర్జీ మందులు ఇస్తారు. స్టెరాయిడ్ పడితే షుగర్ పెరుగుతుంది. ఇంట్లో అమ్మీకి షుగర్ ఉంటే డాక్టర్‌కు ముందే చెప్పాలి.

ఆ ద్రావకం లేకుండా మందు ఇవ్వడానికే నానో కణాలు. వీటిలో ఒంట్లో కరిగిపోయే పాలిమర్ రకం ముఖ్యమైనది. పెరుగులో ఉండే లాక్టిక్ యాసిడ్‌ను, గ్లైకాలిక్ యాసిడ్‌ను గొలుసులా కలిపితే పీఎల్‌జీఏ వస్తుంది. ఆపరేషన్ తర్వాత వేసే కరిగే కుట్ల దారాల్లో కొన్ని ఈ కుటుంబానివే. ఒంట్లోని తడికి గొలుసు మెల్లగా తెగుతుంది, లోపలి మందు కొంచెం కొంచెంగా వదులుతుంది. మిగిలేది చివరికి నీళ్లు, కార్బన్ డయాక్సైడ్. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు నెలకోసారి ఇచ్చే ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ ఈ పద్ధతిలోనే 1989లో అమెరికాలో వచ్చింది. కాకపోతే దాని కణాలు నానో కంటే చాలా పెద్దవి. పాక్లిటాక్సెల్‌ను ఇలాంటి కరిగే పాలిమర్‌లోనే పెట్టిన జెనెక్సాల్-పీఎంకు 2007లో దక్షిణ కొరియా అనుమతి ఇచ్చింది.

‘నానో మందు నేరుగా గడ్డకే పోతుంది’ అనే మాట వినిపిస్తుంటుంది. అంత లేదు. అప్పటిదాకా జంతువుల మీద జరిగిన ప్రయోగాలను 2016లో ఒకచోట చేర్చి చూస్తే, గడ్డకు చేరింది మధ్యస్థంగా 0.7 శాతమే. చాలా భాగం లివర్, ప్లీహంలోనే ఆగిపోతుంది. గడ్డను వెతుక్కుంటూ వెళ్లే పాలిమర్ కణాలు చేసిన అమెరికా కంపెనీ బైండ్ అదే ఏడాది దివాలా తీసింది.

ఇక ఆసుపత్రుల్లో ‘నానో’ అని చెప్పే పాక్లిటాక్సెల్ తరచుగా పాలిమర్ కాదు, మనిషి రక్తంలోని ఆల్బుమిన్‌తో చేసింది. 2005లో అమెరికాలో అబ్రాక్సేన్ పేరుతో అనుమతి పొందింది ఇదే. దీనికి ముందు స్టెరాయిడ్ మామూలుగా అక్కర్లేదు, మూడు గంటల డ్రిప్ అరగంటలో అయిపోతుంది. చేతులు కాళ్ల తిమ్మిరి మాత్రం దీనితోనూ వస్తుంది.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది డోసు దగ్గర. రొమ్ము క్యాన్సర్‌లో మూడు వారాలకోసారి ఇచ్చేటప్పుడు శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు పాత రకం 175 మిల్లీగ్రాములు, ఆల్బుమిన్ రకం 260. ఒకదాని బదులు ఇంకోటి అదే లెక్కన ఎక్కించకూడదు. షాద్‌నగర్ నుంచి హైదరాబాద్‌కు తిరుగుతూ మధ్యలో ఆసుపత్రి మారేవాళ్లు, ఫైల్‌లో ‘పాక్లిటాక్సెల్’ అని మాత్రమే ఉంటే ఏ రకమో రాయించుకోవాలి. సీసా లేబుల్ ఫోటో కూడా ఫోన్‌లో ఉంచుకోవాలి.