ఇసుక మీద వ్యాసం రాయబోయి

1957లో ఫ్రాంక్ హెర్బర్ట్ అనే పాత్రికేయుడు చిన్న విమానం ఒకటి అద్దెకు తీసుకుని, అమెరికా పడమటి తీరాన ఒరెగాన్ రాష్ట్రంలోని ఫ్లోరెన్స్ ఊరి పరిసరాల మీదుగా ఎగిరాడు. కింద ఒడ్డు పొడుగునా ఇసుక దిబ్బలు. గాలికి అవి లోపలికి జరుగుతూ రోడ్లనూ ఇళ్లనూ కప్పేస్తుంటే, ఆపడానికి అమెరికా వ్యవసాయ శాఖ వాటి మీద గడ్డి నాటిస్తోంది. గడ్డి వేళ్లు ఇసుకను పట్టుకుంటే దిబ్బ కదలదు. ఆ ప్రయోగం గురించి వ్యాసం రాద్దామని హెర్బర్ట్ వచ్చాడు. పైనుంచి చూస్తే దిబ్బలు అలల్లా కనిపించాయి, కాకపోతే కదలిక నిదానం. అనంతపురం జిల్లాలో కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు హగరి నది ఇసుక పొలాల మీదికి రావడం చూసినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ వ్యాసం అచ్చు కాలేదు. అతని ఏజెంటుకు అందులో పెద్ద ఆసక్తి కలగలేదు. అప్పటికి హెర్బర్ట్ దగ్గర వ్యాసానికి పట్టనంత సరుకు పోగైంది, చదివేకొద్దీ ఇంకా పెరుగుతూ పోయింది. నీళ్లు లేనిచోట మనిషి ఎలా బతుకుతాడు? ప్రపంచంలోని పెద్ద మతాలు కొన్ని ఎడారుల్లోనే ఎందుకు పుట్టాయి? ప్రవక్త అనిపించిన మనిషి వెనక జనం కళ్లు మూసుకుని ఎందుకు నడుస్తారు? ఈ ప్రశ్నలు ‘డ్యూన్’ అనే నవలగా మారేసరికి దాదాపు ఆరేళ్లు గడిచాయి. ఆ కాలంలో ఇల్లు చాలావరకు భార్య బెవర్లీ సంపాదన మీదే నడిచింది. పెద్ద దుకాణాలకు ప్రకటనలు రాయడం ఆమె ఉద్యోగం. ఇద్దరూ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రచన నేర్పే తరగతిలో కలుసుకున్నారు. తనకూ రాయాలని ఉన్నా, ఆమె భర్త రాతకు దారి వదిలింది. ‘డ్యూన్’ పుట్టిన కథ చెప్పేవాళ్లు గడ్డి గురించి చెప్పినంతగా ఈమె గురించి చెప్పరు. ఆ ఆరేళ్ల జీతం లేకపోతే ఆ నవల లేదని నా నమ్మకం.

కథ మొదట ‘అనలాగ్’ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. 1963 డిసెంబరులో మొదలైన తొలి భాగం మూడు సంచికలు, 1965 జనవరి నుంచి మలి భాగం ఐదు సంచికలు. పుస్తకంగా వేయమంటే ఇరవైకి పైగా ప్రచురణకర్తలు వద్దన్నారు. మరీ పొడుగన్నారు, మొదటి పేజీల్లో ఏమీ అర్థం కావడం లేదన్నారు. చివరికి ఒప్పుకున్నది ఫిలడెల్ఫియాలోని చిల్టన్ సంస్థ. కార్ల మరమ్మతు పుస్తకాలకు అది పేరుమోసింది. అక్కడ సంపాదకుడు స్టెర్లింగ్ లేనియర్ సీరియల్ చదివి, ఇది పుస్తకం కావలసిందే అని పట్టుబట్టాడు. 1965లో పుస్తకం వచ్చింది. మరుసటి ఏడాది హ్యూగో అవార్డును రోజర్ జెలాజ్నీ నవలతో పంచుకుంది, నవలలకిచ్చిన మొట్టమొదటి నెబ్యులా అవార్డూ గెలుచుకుంది. అమ్మకాలు మాత్రం మెల్లగా సాగాయి. హెర్బర్ట్ పత్రికా ఉద్యోగం మానడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. కాలేజీ కుర్రాళ్లు ఒకరి చేతి నుంచి ఒకరు తీసుకుని చదవడం, పర్యావరణం గురించి కొత్తగా ఆలోచిస్తున్నవాళ్లు దాన్ని తమ పుస్తకం అనుకోవడం అప్పుడప్పుడే మొదలైంది. ఎడారి నేలల పర్యావరణవేత్తలకు అంకితమిచ్చిన నవలను వాళ్లు అలా అనుకోవడంలో వింతేముంది!

ప్రచురణకర్తలు తప్పు అన్నదే పాఠకుల్ని కట్టిపడేసిందని నేననుకుంటాను. అరాకిస్ అనే గ్రహం మీద వాన పడదు. అక్కడి ఫ్రెమెన్ జనం ఒంటి చెమటను, ఊపిరి తేమను పట్టి మళ్లీ తాగే నీరుగా మార్చే దుస్తులు వేసుకుంటారు. ఒక సన్నివేశంలో ఫ్రెమెన్ నాయకుడు స్టిల్గర్, కొత్తగా వచ్చిన ప్రభువు ఎదుట బల్ల మీద ఉమ్ముతాడు. ప్రభువు మనుషులు మండిపడబోతారు. వాళ్లలో ఎడారి తెలిసిన ఒకడు, ఒంట్లోని తడిని కానుకగా ఇచ్చినందుకు అతనికి కృతజ్ఞతలు చెబుతాడు. నవల నడిమికి వచ్చేసరికి, ఆ ప్రభువు కొడుకు పాల్ ద్వంద్వ యుద్ధంలో ఒకణ్ని చంపి, అతని అంతిమ సంస్కారంలో కన్నీళ్లు పెడతాడు. చుట్టూ ఉన్నవాళ్లు నిర్ఘాంతపోతారు: చచ్చినవాడికి నీళ్లిస్తున్నాడు! అక్కడ చనిపోయిన మనిషి ఒంట్లోని నీరు తెగకు చెందుతుంది. ఆ మాట ముందే తెలిసినందువల్ల, ఆ కన్నీటి విలువ మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫ్రెమెన్‌లలో ఒకరిగా మనమే లెక్క కట్టుకుంటాం. పాఠకుడు ఆ లోకంలోకి కాపురం వచ్చినవాడిలా అడుగుపెట్టి, తప్పటడుగులు వేసి, అక్కడి మర్యాద నేర్చుకుంటాడు. అలా కష్టపడి నేర్చుకున్నదాన్ని ఎవరు వదులుకుంటారు? పుస్తకం వెనక హెర్బర్ట్ చేర్చిన పదకోశం, మతాల గురించి, గ్రహం పర్యావరణం గురించి రాసిన అనుబంధాలు కూడా ఆ కాపురానికి పనికొచ్చేవే. కథ అయిపోయాక వాటిని ఇష్టంగా చదివేవాళ్లు ఎందరో.

ఆ పర్యావరణ అనుబంధంలోనే ఫ్లోరెన్స్ గడ్డి మళ్లీ కనిపిస్తుంది. పార్డొట్ కైన్స్ అనే శాస్త్రవేత్త దిబ్బలకు గాలి తగలని వైపు గడ్డి నాటించి, తరాల తరబడి శ్రమతో గ్రహాన్ని పచ్చగా చేయాలని ప్రణాళిక వేస్తాడు. ఎవరు ఎన్నేళ్లు ఏం నాటాలో, ఏ మొక్క తర్వాత ఏ మొక్కో, నీళ్లు ఎంత దాచాలో అన్నీ అందులో ఉంటాయి. నాటినవాళ్లెవరూ ఫలితం చూడరు. తర్వాతి నవలల్లో ఆ కల నెరవేరుతుంది, దాంతో కొత్త ప్రమాదమూ వస్తుంది. నీరు తగిలితే ఆ ఎడారిలో బతికే ఇసుక పురుగులు చస్తాయి. పురుగులు చస్తే, నక్షత్రాల మధ్య ప్రయాణాలన్నీ ఆధారపడిన ‘మసాలా’ అనే పదార్థం పుట్టదు. అసలు ఒరెగాన్‌లోనూ ఇంచుమించు ఇదే జరిగింది. ఐరోపా నుంచి తెచ్చి నాటిన ఆ గడ్డి దిబ్బలను అవసరానికి మించి పట్టేసింది, తీరప్రాంతపు సహజ మొక్కల్నీ పిట్టల్నీ తరిమేసింది. ఇప్పుడు అక్కడ దాన్ని పీకించే పనిలో ఉన్నారు. ప్రకృతిని సరిదిద్దడం అంత తేలిక కాదని నవల హెచ్చరించిన చాలాకాలానికి, నవల పుట్టిన నేల మీదే అది రుజువైంది.

ఇక కథానాయకుడు పాల్ సంగతి. మొదటి నవల చదివినవాళ్లు అతన్ని వీరుడిగా గుండెలకు హత్తుకున్నారు. హెర్బర్ట్ ఉద్దేశం వేరు. జనాన్ని ఊగించే నాయకుడు జనానికే ముప్పు అని చెప్పడానికే ఈ గాథ మొదలుపెట్టానని తర్వాత అతనే చెప్పాడు. రెండో నవల ‘డ్యూన్ మెసయ్య’లో పాల్ పేరిట జరిగిన యుద్ధాల్లో కోట్లాది మంది చచ్చిపోయి ఉంటారు, అతను వాటిని ఆపలేడు. వీరుణ్ని ఇలా కూల్చడం ‘అనలాగ్’ సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్‌కు నచ్చలేదు. సీరియల్‌గా వేయనన్నాడు. అది 1969లో ‘గెలాక్సీ’ పత్రికలో వచ్చింది. చాలామంది పాఠకులూ నొచ్చుకున్నారు. అయినా గాథను వదల్లేదు. మూడో నవల 1976లో వచ్చేసరికి బెస్ట్ సెల్లర్ జాబితాకెక్కింది. ఈ నొచ్చుకోవడమే అనుబంధాన్ని గట్టిపరిచిందని నాకనిపిస్తుంది. మొదటిసారి పాల్ గెలుపు కోసం చదివినవాళ్లు, మళ్లీ చదివినప్పుడు, ఆ గెలుపు వాసన ఎక్కడ చెడటం మొదలైందో వెతుకుతారు. ఆనవాళ్లు మొదటి నవలలోనే దొరుకుతాయి. అతని కలల్లో తన పేరున జరగబోయే రక్తపాతం అప్పుడే కనిపిస్తుంటుంది. ఇరవై ఏళ్లప్పుడు పాల్ తల్లి జెస్సికాను అతని నీడగా చూసిన పాఠకుడు, తనకు పిల్లలు పుట్టాక చదివితే ఆమె భయాన్ని చూస్తాడు.

ఆరో నవల ‘చాప్టర్‌హౌస్: డ్యూన్’ 1985లో వచ్చింది. కథలో కొందరు ఓడ ఎక్కి, ఎవరికీ తెలియని చోటికి తప్పించుకుపోతారు, వాళ్లేమయ్యారో చెప్పకుండానే అది ముగుస్తుంది. ఆ తర్వాతి పేజీల్లో హెర్బర్ట్, అంతకుముందు ఏడాది కన్నుమూసిన బెవర్లీ గురించి రాశాడు. 1986 ఫిబ్రవరిలో తనూ పోయాడు. 1999 నుంచి వాళ్ల అబ్బాయి బ్రయాన్, కెవిన్ ఆండర్సన్‌తో కలిసి గాథను పొడిగిస్తూ వచ్చాడు. ఆ పుస్తకాలను లెక్కలోకి తీసుకోవాలా, ఆరుతోనే ఆగాలా, అసలు ఆ ఓడలోని వాళ్లు ఎక్కడికి చేరి ఉంటారు అని పాఠకులు ఈనాటికీ వాదించుకుంటూనే ఉన్నారు.