ఇరుసుకు ఏ లోహం?

మరపడవలో ఇంజనును ప్రొపెల్లరుతో కలిపే ఇరుసు పాడైంది. కొత్తది ఏ లోహంతో చేయించాలి? గట్టిదైతే చాలదా?

చాలదని 1763లోనే తేలింది, అప్పటికింకా ప్రొపెల్లరే లేదు. బ్రిటిష్ నౌకాదళం 1761లో ‘అలార్మ్’ అనే కొయ్య ఓడ అడుగుకు, పురుగు తొలచకుండా, రాగి రేకులు తొడిగింది. రెండేళ్లకు చూస్తే రాగి బాగానే ఉంది. దాన్ని పట్టి ఉంచిన ఇనుప మేకులే చాలావరకు తుప్పుపట్టి పిండైపోయాయి. చిత్రమేమంటే, రేకులకు చుట్టి వచ్చిన కాగితం కొన్నిచోట్ల తీయకుండా మిగిలింది. అది అడ్డున్న మేకులు చెక్కుచెదరలేదు! ఉప్పునీటిలో ఒకదానినొకటి తాకే రెండు లోహాలు విద్యుత్ ఘటమవుతాయి. రాగి పక్కన కరిగేది ఇనుము. వోల్టా ఘటం వచ్చిందే 1800లో, పాపం వారికెలా తెలుస్తుంది?

కంచు ప్రొపెల్లరుకు మామూలు ఉక్కు ఇరుసు తగిలిస్తే జరిగేదీ ఇదే. 1824లో హంఫ్రీ డేవీ రాగిని కాపాడటానికి మరింత సులువుగా కరిగే లోహాన్ని దానికి తగిలించి చూపాడు. నేడు ఇరుసులకు బిగించే జింకు ముక్కలు ఆ కోవలోవే.

మరి, 1913లో హారీ బ్రియర్లీ షెఫీల్డులో తయారుచేసిన తుప్పుపట్టని ఉక్కు? దాన్ని కాపాడేది క్రోమియం ఆక్సైడు పలుచని పొర. ఆ పొర నిలవాలంటే నీటిలో ఆక్సిజన్ ఉండాలి. కట్టేసి ఉంచిన పడవలో, బేరింగు సందున నిలిచిన నీటిలో అది తరిగిపోతుంది; పొర చెదిరి ఇరుసుకు గుంటలు పడతాయి. మాలిబ్డినం కలిపిన రకాలు మరికొంత ఓర్చుకుంటాయి. నెలల తరబడి పడవను కదపకపోతే వాటికీ ఆ బెడద ఉంది.