స్థౌల్యం – వ్యాయామం – మల్లవిద్య: రాయలవారి ఉషఃకాల సాధన



శ్రీకృష్ణదేవరాయలు అనగానే తెలుగువారి మనస్సులో మెదిలేవి భువనవిజయ సభ, అష్టదిగ్గజ కవులు, ఆముక్తమాల్యద, తిరుమలేశునికి సమర్పించిన ఆభరణాలు. ఆ ప్రభువు దినచర్యలో సూర్యోదయానికి పూర్వపు ఘడియలు ఎలా గడిచేవో ఎరిగినవారు తక్కువ. క్రీ.శ. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఆ ఘడియలను వర్ణించి అక్షరబద్ధం చేశాడు. ఆ వృత్తాంతం రాబర్ట్ సీవెల్ ఆంగ్లానువాదం ద్వారా 1900లో లోకానికి అందింది.

పేస్ చెప్పిన క్రమం ఇది. రాయలవారు తెల్లవారకముందే నిత్యం నువ్వులనూనె సేవించేవారు. ఆ పరిమాణం నేటి కొలతలో సుమారు 400 మిల్లీలీటర్లు. అదే తైలంతో సర్వాంగాలకు అభ్యంగం చేసుకొని, నడుముకు చిన్న వస్త్రం మాత్రం ధరించి, మట్టితో చేసిన పెద్ద బరువులను చేతులతో ఎత్తేవారు. పిదప ఖడ్గం చేపట్టి, ఆ నూనె అంతా చెమటగా వెలువడేవరకు సాము చేసేవారు. అనంతరం తమ మల్లులలో ఒకనితో కుస్తీ పట్టేవారు. ఆపై అశ్వాన్ని అధిరోహించి మైదానంలో అటూ ఇటూ దౌడు తీయించేవారు. ఇదంతా తెల్లవారేలోగా పూర్తయ్యేది. అటుపిమ్మట స్నానం. తాము పూజ్యునిగా భావించే ఒక బ్రాహ్మణుడు ఆ స్నానం చేయించేవాడు. స్నానానంతరం రాజప్రాసాదంలోని దేవాలయంలో అర్చనాదికాలు నిర్వర్తించి, ఆ తర్వాతనే రాజకార్యాలకు ఉపక్రమించేవారు.

ఇదే పేస్ రాయలవారి రూపాన్ని కూడా వర్ణించాడు. మధ్యమమైన ఎత్తు, మంచి ఛాయ, చక్కని అంగసౌష్ఠవం, ముఖంపై మశూచి మచ్చలు. శరీరం సన్నమనడం కంటే కొంత స్థూలమనడమే సబబని అతడు వ్రాశాడు.

ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూచినవారికి ఒక సందేహం కలుగక మానదు. నిత్యం ఇంతటి పరిశ్రమ చేసిన ప్రభువు కృశాంగుడు కాలేదు. అయితే ఆ సాధన నిష్ఫలమా? శరీరభారం తగ్గించుకోవాలనే తలంపుతో కుస్తీనో, కరాటేనో, కర్రసామునో ఆశ్రయించి, కొన్ని నెలలకే నిరాశ చెందే నేటి సాధకునికి కూడా ఇదే ప్రశ్న. దీనికి సమాధానం ఆయుర్వేద గ్రంథాలలోను, మల్లవిద్యా చరిత్రలోను లభిస్తుంది.

స్థౌల్యమంటే ఏమిటి?

చరకసంహిత సూత్రస్థానం 21వ అధ్యాయం అతిస్థౌల్య, అతికార్శ్యాలను విచారిస్తుంది. అందులో అతిస్థూలుని లక్షణం తూకంతో నిర్ణయింపబడలేదు. మేదస్సు, మాంసం మితిమీరి పెరగడం చేత పిరుదులు, ఉదరం, వక్షస్సు కదలాడుతూ ఉండటం, శరీరం పెరిగిన నిష్పత్తిలో ఉత్సాహం పెరగకపోవడం – ఇదీ లక్షణం. అంటే బరువుకు తోడు ఉత్సాహశక్తి కూడా ప్రమాణమే.

అతిస్థౌల్యం వల్ల ఎనిమిది దోషాలను ఆచార్యుడు పరిగణించాడు. ఆయుఃక్షీణత, చలనంలో మాంద్యం, దాంపత్యసుఖానికి విఘ్నం, దౌర్బల్యం, దేహదుర్గంధం, స్వేదబాధ, అధికమైన ఆకలి, అధికమైన దప్పిక. కారణాలు కూడా స్పష్టంగానే చెప్పబడ్డాయి. అతిభోజనం, గురు మధుర శీత స్నిగ్ధ పదార్థాల సేవనం, వ్యాయామలోపం, పగటినిద్ర, చింతన లేకపోవడం మొదలైనవాటితోపాటు బీజస్వభావం కూడా ఒక కారణం. తల్లిదండ్రులనుండి సంక్రమించిన ప్రకృతి చేత స్థూలుడైనవానిని సోమరి అని నిందించడం శాస్త్రసమ్మతం కాదని దీనివల్ల విదితమవుతుంది.

స్థూలుని అధికక్షుధకు చరకుడు చెప్పిన హేతువు మరింత గమనార్హం. మేదస్సు స్రోతస్సులను అడ్డగించగా, వాయువు కోష్ఠంలోనే సంచరిస్తూ జఠరాగ్నిని ప్రజ్వలింపజేస్తుంది. భుజించిన ఆహారం త్వరగా జీర్ణమై, వెంటనే మరల ఆకలి కలుగుతుంది. మరల భుజిస్తే మేదస్సే వృద్ధి చెందుతుంది. భోజనకాలం మించితే అగ్నివాయువులు ఆ దేహాన్ని దావానలం అరణ్యాన్ని దహించినట్లు పీడిస్తాయి. కాబట్టి స్థూలుణ్ణి కేవలం పస్తు ఉంచడం చికిత్స కాదు. జీర్ణించడానికి గురువై ఉండి, పోషణలో మాత్రం లఘువైన ఆహారం ఇవ్వాలన్నది చరకుని నిర్ణయం. గురుత్వం చేత అగ్ని శమిస్తుంది, పోషణ అల్పమవడం చేత మేదస్సు పెరగదు. యవలు, ఉలవలు, పెసలు, తేనె కలిపిన నీరు ఆ వర్గంలో చేరతాయి. వీటితోపాటు జాగరణ, వ్యాయామం, చింతన కూడా విధింపబడ్డాయి. అయితే వాటిని క్రమక్రమంగా పెంచాలని చెప్పడం విస్మరింపరానిది. ఒక్కనాటి ఆవేశానికి ఆ విధిలో తావు లేదు.

తైలసేవనంలోని మర్మం

మేదస్సు తగ్గవలసినవాడు నూనె త్రాగడమేమిటని పాఠకులకు ఆశ్చర్యం కలుగవచ్చు. వాగ్భటుని అష్టాంగహృదయం తిలతైలానికి ఒక విశేషగుణాన్ని చెబుతుంది. అది కృశులకు పుష్టినిస్తుంది, స్థూలులకు కార్శ్యాన్ని కలిగిస్తుంది. చరకసంహితలోని స్నేహాధ్యాయం కూడా కఫమేదస్సులు ప్రవృద్ధమైనవారికి, కంఠోదరాలు స్థూలమై కదలాడేవారికి, దేహంలో లాఘవాన్ని దృఢత్వాన్ని కోరేవారికి తైలపానాన్నే విధించింది. కాని అది శీతకాలంలో, తైలం సాత్మ్యమైనవారికి మాత్రమే. రాయలవారి ఆచారం ఈ శాస్త్రదృష్టికి సన్నిహితంగా కనబడుతుంది. అయితే త్రాగిన తైలాన్ని స్వేదంగా వెలువరించేంత పరిశ్రమ దాని వెనుక ఉన్నదని మరువరాదు. ఆ పరిశ్రమ లేనివాడు ఆ పానాన్ని మాత్రం అనుకరిస్తే అనర్థమే.

అభ్యంగం, వ్యాయామం, స్నానం అనే వరుస కూడా యాదృచ్ఛికం కాదు. వాగ్భటుని దినచర్యాధ్యాయంలో అభ్యంగం తరువాత వ్యాయామం, దాని తరువాత మేదస్సును కరిగించే ఉద్వర్తనం, ఆపై స్నానం విధింపబడ్డాయి. తెలుగు ఇళ్లలో పండుగపూట తలంటిపోసే ముందు నలుగు పెట్టడం ఆ ఉద్వర్తనమే. నడిమి అంగమైన వ్యాయామాన్ని విడిచి, నూనెను, నలుగును, స్నానాన్ని నిలుపుకొన్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

అర్ధశక్తి నియమం

స్థౌల్యాన్ని తగ్గించడంలో వ్యాయామంతో సమానమైనది మరొకటి లేదని సుశ్రుతుడు నిస్సంశయంగా చెప్పాడు. అంగాలు సమంగా విభక్తమవడం, అగ్నిదీప్తి, ఆలస్యం తొలగడం, స్థిరత్వం, లాఘవం, శ్రమను ఆకలిదప్పులను శీతోష్ణాలను సహించే శక్తి – ఇవి వ్యాయామఫలాలు. వెంటనే ఒక హద్దు కూడా నిర్దేశించాడు. బలంలో సగం వరకే వ్యాయామం చేయాలి. ఆ సగాన్ని గుర్తించడమెలా? హృదయస్థానంలోని వాయువు నోటిద్వారా వెలువడనారంభించినప్పుడు అర్ధశక్తి వ్యయమైనట్లు లెక్క. నుదుట, ముక్కుపై, చంకలలో, కీళ్లవద్ద చెమట పట్టడం, నోరు ఎండడం కూడా సూచకాలే. వయస్సు, బలం, శరీరం, దేశం, కాలం, ఆహారం – ఈ ఆరింటిని పరిశీలించి చేయాలనేది మరొక నియమం.

హద్దు దాటినవానికి క్షయం, అతిదాహం, అరుచి, వాంతి, రక్తపిత్తం, భ్రమ, కాస, జ్వరం, శ్వాస వంటి వ్యాధులు సంక్రమిస్తాయని సుశ్రుతుని హెచ్చరిక. వాగ్భటుడు అర్ధశక్తి వ్యాయామాన్ని కూడా బలవంతులకు, స్నిగ్ధాహారం భుజించేవారికి, శీత వసంత ఋతువులలో మాత్రమే అనుమతించి, ఇతరులకు ఇతర కాలాలలో అంతకంటే మందంగా చేయమన్నాడు. అతివ్యాయామి ఏనుగును ఈడ్చే సింహంలాగా నశిస్తాడని ఆయన పోలిక. ఏనుగును చంపగల సింహమే దానిని ఈడ్వబోయి ప్రాణం కోల్పోతుంది. బలవంతునికే ఆ ప్రమాదం ఉన్నప్పుడు నిన్న మొన్న సాధన ప్రారంభించిన స్థూలకాయుని సంగతి వేరే చెప్పనక్కరలేదు.

కాళిదాస మహాకవి అభిజ్ఞానశాకుంతలం ద్వితీయాంకంలో ఈ విషయాన్నే రమ్యంగా నాటకీకరించాడు. వేటలో గుర్రం వెంట పరుగులు తీసి కీళ్లు నొచ్చిన విదూషకుడు ఒకవైపు వాపోతుంటాడు. మరొకవైపు సేనాపతి వేటను ప్రశంసిస్తూ, మేదస్సు కరిగి ఉదరం సన్నబడుతుందని, దేహం తేలికై కార్యోద్యమానికి యోగ్యమవుతుందని అంటాడు. అదే సేనాపతి దుష్యంతుణ్ణి చూచి, ప్రభువు శరీరం క్షీణించినా కండపుష్టి చేత ఆ క్షీణత కంటికి కనబడటం లేదని భావిస్తాడు. వ్యాయామఫలం చూపరుల కంటికి ఎల్లప్పుడు గోచరించదనే సత్యం ఆ మాటలో నిగూఢంగా ఉన్నది.

మల్లుల శ్రమవిధానం

కల్యాణ చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతంలో మానసోల్లాసం అనే బృహద్గ్రంథాన్ని రచించాడు. కాకతీయులు ఆ చాళుక్యులకు సామంతులుగా ఉన్న కాలమది. అందులోని మల్లవినోద ప్రకరణం మల్లులను తరగతులుగా విభజించి, వారి పోషణను, శిక్షణను వివరిస్తుంది. బరువులు మోసే భారశ్రమం, నడకతో కూడిన భ్రమణశ్రమం, నీటిలో ఈదే సలిలశ్రమం, స్తంభాన్ని ఆశ్రయించి చేసే స్తంభశ్రమం అనే విభాగాలు అందులో కనబడతాయి. మల్లుని దేహం కేవలం పట్లతో నిర్మితం కాదని దీనివల్ల తెలుస్తుంది. నడక, ఈత, భారవహనం పునాదిగా ఉండి, పట్లు వాటిపై నిలుస్తాయి. రాయలవారి ఉషఃకాల సాధనలో కూడా బరువులు ముందు, ఖడ్గం పిదప, కుస్తీ ఆ తరువాతనే.

ఆ మల్లులు సామాన్యులు కారు. మహానవమి ఉత్సవాలలో వారి పోరాటాలను చూచిన పేస్, దెబ్బలకు పళ్లు రాలడం, కళ్లు పోవడం, ముఖాలు వికృతమవడం వర్ణించాడు. హంపిలోని మహానవమి దిబ్బ శిల్పాలలో నేటికీ మల్లయోధులు దర్శనమిస్తారు.

ఈ సంప్రదాయం సామ్రాజ్యంతో అంతరించలేదు. తెలుగు గ్రామాలలో గరిడీలు, తాలింఖానాలు దానిని కాపాడాయి. గోదాలో అడుగు పెట్టేముందు మట్టిని కళ్లకద్దుకోవడం, ఆంజనేయునికి నమస్కరించడం అక్కడి ఆచారం. పూర్వం శ్రీకాకుళం సీమగా పిలువబడిన ప్రాంతంలోని వీరఘట్టంలో జన్మించిన కోడి రామమూర్తి నాయుడు, ఉత్తరాంధ్రలోని విజయనగరంలో వ్యాయామోపాధ్యాయునిగా పనిచేసి, అనంతరం సర్కస్ సంస్థను నెలకొల్పి, కలియుగ భీమునిగా ఖ్యాతి గడించారు. ఇనుప గొలుసులను తెంచి, వక్షస్సుపై ఏనుగును నిలిపిన ఆ మల్లుడు శాకాహారి, ప్రాణాయామ సాధకుడు. 1942లో కీర్తిశేషులయ్యారు. ఆయన బలానికి శ్వాసనియమం మూలమని చెప్పుకొన్న తెలుగువారు, సుశ్రుతుడు శ్వాసనే కొలబద్దగా చేసిన అర్ధశక్తి నియమాన్ని తెలియకయే స్మరించారు.

సాధన సార్థకత

ఇప్పుడు తొలి సందేహానికి రావచ్చు. 1520 నాటి రాయచూరు యుద్ధంలో విజయనగర సేన ముందువరుసలు చెదరి వెనుదిరిగిన వేళ, రాయలవారు స్వయంగా గుర్రమెక్కి సేనను ముందుకు నడిపి విజయం సాధించారని మరొక పోర్చుగీసు రచయిత నూనిజ్ వ్రాశాడు. కొంత స్థూలమని పేస్ చెప్పిన శరీరమే అది. చరకుని లక్షణం ప్రకారం చూస్తే, ఉత్సాహానికి లోటు లేని ఆ దేహం అతిస్థూలం కాదు. నిత్యం వేకువన అశ్వంపై దౌడు తీసిన అభ్యాసం ఆనాడు ధర్మరక్షణకు ఉపకరించింది. సాధన నిష్ఫలం కాలేదు.

కాబట్టి సాధకుడు తనను తాను అడగవలసిన ప్రశ్నలు వేరు. మెట్లెక్కితే ఆయాసం తగ్గినదా? పగటినిద్ర వీడినదా? ఆకలి వేళకు మాత్రమే కలుగుతున్నదా? సంధ్యావందనానికి, దేవతార్చనకు కూర్చుంటే వెన్ను నిటారుగా నిలుస్తున్నదా? ఇవి అనుకూలిస్తే తూకం మందంగా తగ్గినా చింతించనక్కరలేదు. ఇవి అనుకూలించక తూకం మాత్రం వేగంగా తగ్గితే, అది క్షయానికి సూచన కావచ్చునని గ్రహించి వైద్యుణ్ణి సంప్రదించాలి. అధికంగా భుజించేవానికి, బొత్తిగా భుజించనివానికి కూడా యోగం సిద్ధించదని భగవద్గీత ఆరవ అధ్యాయం బోధిస్తుంది. గరిడీలో అడుగుపెట్టిన స్థూలునికి, పస్తులతో శరీరాన్ని శిక్షించుకొనేవానికి ఆ బోధ సమానంగా వర్తిస్తుంది.

రాయలవారి వేకువ దేవాలయంలో ముగిసేదన్న విషయం ఇక్కడ మననం చేసుకోదగినది. చెమటోడ్చిన దేహం స్నానంతో శుచియై భగవంతుని ఎదుట నిలిచేది. శరీరాన్ని ద్వేషించి కరిగించుకొనేవాడు త్వరలోనే అలసిపోతాడు. దానిని ఈశ్వరార్పణకు సిద్ధపరచుకొనేవానికి మరునాటి వేకువ భారం కాదు.

శుభం భూయాత్.