కాలువగట్టు నేర్పిన పొదుపు

చల్లపల్లి చరిత్రను చెప్పునపుడు కోటను, యార్లగడ్డవారి జమీందారీని స్మరించుట పరిపాటి. వానితోపాటు స్మరింపదగినది మరియొకటి కలదు. అది చుక్క పెట్రోలు లేకుండ ఈ డెల్టావాసులు తరతరములుగా సాగించిన రాకపోకల కథ.

విజయవాడయొద్ద కృష్ణానదిపై ఆనకట్ట 1855లో పూర్తియైనది. సర్ ఆర్థర్ కాటన్ సంకల్పమున, కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణమున ఆ పని జరిగెను. దానినుండి బయలుదేరిన ప్రధానమైన కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక, లాకుల సాయమున పడవలకును దారియయ్యెను. ఈ దేశమునకు జలమార్గమే చౌకయైన రవాణా యని కాటన్ దొర వాదము. నిలుకడ నీటిపై తేలు బరువును మెల్లగా కదలించుటకు వలయు బలము స్వల్పము. గాలి అనుకూలించిన తెరచాప, లేనిచో గట్టుపై తాడు లాగు మనుష్యులు, అవసరమైన చోట గెడ: ఇంతియే సాధనసంపత్తి. ధాన్యపు బస్తాలును ప్రయాణికులును ఆ కాలువలపైననే సాగిరి. వేసవిలో కాలువలు కట్టివేసినపుడు ఎడ్లబండి, కాలినడక ఉండనే ఉండెను. అయితే తాడు లాగినవారి చెమటను మరచి ఆ కాలమును పొగడుట న్యాయము కాదు.

రోడ్లు పెరిగి, బస్సులును లారీలును రాగా పడవలు క్రమముగా వెనుకబడెను. వేగము లాభమే. కాని దానితో పరాధీనతయు వచ్చెను. 1942లో బర్మా జపానువారి వశమగుటతో అచటి నూనెబావులు చేజారెను. యుద్ధకాలమున పెట్రోలునకు రేషను విధింపబడగా, బస్సులకు బొగ్గు గ్యాసు యంత్రములు తగిలించి నడపవలసివచ్చెను. మరల 1973 అక్టోబరున పశ్చిమాసియా యుద్ధము చెలరేగినది. కొలది నెలలలోనే ముడిచమురు ధర దాదాపు నాలుగింతలయ్యెను. దూరదేశమున జరిగిన యుద్ధము పల్లెటూరి బస్సు చార్జీని కూడ తాకగలదని లోకమున కపుడు తెలిసినది.

ఈ చరిత్రవలన తేలునది యొకటే. పొదుపు మనుష్యుని గుణము మాత్రమే కాదు, దారి గుణము కూడ. కాలువ యున్నందున పడవ నడచెను. నీడగల బాట యున్నచో నడక సాగును. వేళకు బస్సు వచ్చినచో ఎవరికి వారు బండి తీయవలసిన పని యుండదు. అట్లని వ్యక్తి బాధ్యత తీరిపోదు. రోజునకు నాలుగు కిలోమీటర్లు మోటారు సైకిలుపై తిరుగువాడు లీటరుకు 50 కిలోమీటర్ల లెక్కన సంవత్సరమునకు 29 లీటర్ల పెట్రోలు కాల్చును. లీటరు ఒక్కింటికి సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. ఆ దూరమునకు సైకిలు చాలును.

అన్నిటికంటె మేలైన పొదుపు మరియొకటి కలదు. అది ప్రయాణముతో పనిలేకుండ చేయుట. 1935లో పాతూరి నాగభూషణంగారి పూనికతో కృష్ణ కావలిగట్టున, గుంటూరు జిల్లా కాలువపై పడవ గ్రంథాలయము నడచెను. పాఠకులు పుస్తకమును వెదకికొని పట్టణమునకు పోలేదు. పుస్తకమే కాలువ వెంట వారి రేవునకు వచ్చినది. గ్రామ గ్రంథాలయము చేయుచున్న పనియు అదియే. పదిమంది పట్టణమునకు పోయి తెచ్చుకొనవలసినదానిని అది నడిచి పోగల దూరమున నిలుపుచున్నది. బడి, వైద్యశాల, అంగడి కూడ అట్లే చేరువయైనచో ఈ సీమ తన పాత పొదుపును, తాడు లాగు కష్టము లేకుండ, మరల పొందగలదు.